రాహేలు టీచర్ గారి మూడు గడులు

మండపేట మొదట్లో బస్సు వేగం తగ్గగానే కిటికీలోంచి ఆ వాసన వచ్చింది. ఉప్పుడు బియ్యం మిల్లుల వాసన. వడ్లు నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, ఎండబెట్టి ఆడించే ఊళ్ళో పుట్టినవాళ్ళకు అది వాసన అని కూడా తెలియదు. పదకొండేళ్ళుగా భీమవరంలో ఉంటున్నాను కాబట్టి నాకు ఇప్పుడు తెలుస్తోంది. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏం కుళ్ళిందండీ ఇక్కడ?" అని అడిగింది. "ఏమీ కుళ్ళలేదండి, నానిన వడ్లు" అన్నాను. ఆవిడ నమ్మి తల ఊపింది. నాకు ఎలా తెలుసని అడగలేదు. ఎవరూ అడగరు. నన్ను అలా అడిగిన మనిషి జ్ఞాపకార్థ కూడికకే నేను వెళ్తున్నాను.

రాహేలు టీచర్ గారు చనిపోయి అప్పటికి పదిహేను రోజులు. అంతకు మూడు నెలల ముందు ఆవిడ మేనకోడలు ఎస్తేరు ఫోను చేసి, పక్షవాతం వచ్చిందనీ, కుడి పక్క పడిపోయిందనీ, మాట తడబడుతోందనీ చెప్పింది. వస్తానన్నాను. నేను రొయ్య పిల్లకు జబ్బు ఉందో లేదో చూసే ల్యాబులో పని చేస్తాను. రైతులు చెరువుల్లో పిల్ల వదిలే రోజులవి. సెలవు దొరకడం కష్టమే. వచ్చే ఆదివారం, వచ్చే ఆదివారం అనుకుంటూ పన్నెండు ఆదివారాలు దాటించాను. పని ఉన్న మాట నిజం. అయినా ఒక్క ఆదివారం దొరకనంత పని కాదు. ఆవిడ నోట మాట తడబడటం చూడలేనని భయపడ్డాను. అందుకే ఆ రోజు బస్సులో నాతో పాటు ఒక్క ప్రశ్నే ప్రయాణం చేసింది. ఆ మూడు నెలల్లో ఆవిడ నన్ను తలుచుకున్నారా? తలుచుకుని ఉంటే, రాలేదని బాధపడి తలుచుకున్నారా, మామూలుగా తలుచుకున్నారా? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన ఆ ఒక్క మనిషీ ఇప్పుడు లేరు.

మా బడి చర్చి వాళ్ళ ప్రాథమిక పాఠశాల. రెండు గదులు, ఒక వరండా. ప్రహరీ గోడకు అవతల మిల్లు వాళ్ళు వడ్లు ఎండబెట్టే సిమెంటు కళ్ళం. మా అమ్మ అక్కడే పని చేసేది. ఉడికిన వడ్లను ఎండలో పరిచి, అవి సమంగా ఆరేదాకా కాళ్ళతో చాళ్ళు తీస్తూ అటూ ఇటూ నడవడం ఆ పని. పాఠం జరుగుతుంటే గోడ అవతల ఆ కాళ్ళ చప్పుడు వినబడేది. టీచర్ గారు పొట్టి మనిషి. నేత చీర, చేతిలో గొడుగు. పెళ్ళి చేసుకోలేదు. చర్చి వెనక తమ్ముడి ఇంట్లో ఒక గదిలో ఉండేవారు. ఆవిడ గురించి పైకి చెప్పుకోదగ్గవి అంతకన్నా లేవు.

నాలుగో తరగతి మొదటి వారంలో మమ్మల్ని రూళ్ళు లేని నోటుపుస్తకం తెమ్మన్నారు. ప్రతి పేజీలోనూ పైనుంచి కిందికి రెండు గీతలు గీయించారు. మూడు గడులు వచ్చాయి. మొదటి గడి పైన 'చూశాను' అనీ, రెండో దాని పైన 'విన్నాను' అనీ, మూడో దాని పైన 'అనుకున్నాను' అనీ రాయించారు. రోజుకు ఒక్క సంగతి రాయాలి. ఏ సంగతైనా సరే, అది ఏ గడిలోదో తేల్చుకుని రాయాలి. మూడో గడి తక్కువదని మేమనుకునేవాళ్ళం. "తక్కువేం కాదు. అనుకోకపోతే బుర్ర ఉండి ఏం లాభం? అనుకున్నదాన్ని తెచ్చి మొదటి గడిలో పెడితేనే గొడవ" అనేవారు. తర్వాత్తర్వాత పుస్తకం అక్కర్లేకపోయింది. ఎవరైనా ఏదైనా గట్టిగా చెప్పేస్తుంటే, ఆవిడ మాట్లాడకుండా బల్ల మీద చూపుడు వేలితో పైనుంచి కిందికి రెండు గీతలు గీసేవారు. చెప్పేవాడు సగంలో ఆగి ఆలోచనలో పడేవాడు.

ఆ పద్ధతి మా మీద మొదట పని చేసింది మా తరగతి సత్తిబాబు వల్ల. మిల్లు వాసన ఎందుకొస్తుందని టీచర్ గారు అడిగితే వాడు లేచి, "మనిషి పడ్డ తొట్టి ఉందండి లోపల, దాంట్లోంచి వస్తదండి" అన్నాడు. ఆ సంగతి మా అందరికీ తెలుసు. వడ్లు నానబెట్టే తొట్టిలో ఎప్పుడో ఒక కూలీ పడి చచ్చిపోయాడని మా పేటలో పిల్లలందరం నమ్మేవాళ్ళం.

"ఎవరు పడ్డారు?" అన్నారు టీచర్ గారు.

"మా తాత కాలంలోనండి."

"మీ తాత చూశాడా?"

"మా తాతకి చెప్పేరండి."

"ఎవరు చెప్పారు?"

సత్తిబాబు పక్కవాళ్ళ వంక చూశాడు. "చూసినోళ్ళకి తెలిసినోళ్ళండి" అన్నాడు.

మేం నవ్వాం. టీచర్ గారు నవ్వలేదు. మర్నాడు ఇంటి నుంచి ఒక బకెట్టు, రెండు కిలోల వడ్లు తెచ్చి నీళ్ళు పోసి గది మూలన పెట్టారు. మమ్మల్నే కాపలా పెట్టారు. మూడో రోజుకల్లా గదంతా మిల్లు వాసనే. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఒక అధికారి గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. టీచర్ గారు బకెట్టు మా మధ్యకు జరిపి, "ఇందులో ఎవరు పడ్డారు సత్తిబాబూ?" అని అడిగారు. వాడు వంగి లోపలికి చూసి, "ఎవరూ పడలేదండి" అన్నాడు. కాస్త ఆగి, "ఇంకా" అన్నాడు. అప్పుడు ఆవిడ నవ్వారు. చప్పుడు లేకుండా, భుజాలు మాత్రం కదిలేలా నవ్వేవారు.

దేవుణ్ణి చూశారా టీచర్ అని అడిగింది కూడా ఆ సత్తిబాబే. చర్చి వాళ్ళ బడిలో, ఉదయం ప్రార్థన అయిన వెంటనే. "చూడలేదురా" అన్నారు ఆవిడ. "విన్నాను. నమ్మాను. అది నా సొంత సంగతి. నమ్మకానికి వేరే పుస్తకం ఉంది నాకు. ఈ పుస్తకంలో మాత్రం చూడలేదనే రాసుకుంటాను." ఆ ఆదివారం కూడా ఆవిడ ఎప్పటిలాగే చర్చిలో ముందు వరసలో కూర్చుని పాడటం గోడ పక్కనుంచి వెళ్తూ నేను చూశాను.

మా నాన్న లారీ డ్రైవరు. మిల్లు నుంచి ఉప్పుడు బియ్యం కేరళకు తోలేవారు. వెళ్ళి రావడానికి వారం, పది రోజులు పట్టేది. నేను అయిదో తరగతిలో ఉండగా ఒకసారి లారీ తిరిగొచ్చింది గాని నాన్న రాలేదు. పాలక్కాడ్ దాటాక ఒక హోటలు దగ్గర ఆపారనీ, టీ తాగొస్తానని నాన్న దిగారనీ, మళ్ళీ ఎక్కలేదనీ రెండో డ్రైవరు చెప్పాడు. వెతికారు, పోలీసులకు చెప్పారు, ఏమీ తేలలేదు. మా వీధికి మాత్రం వారంలో అంతా తేలిపోయింది. అక్కడ ఆయనకు ఇంకో సంసారం ఉందన్నారు కొందరు. రోడ్డు దాటుతుంటే ఏదో గుద్దేసిందన్నారు కొందరు. అమ్మ నాతో, "నాన్న గల్ఫ్ వెళ్ళేరు. నువ్వు ఆరో క్లాసుకొచ్చేసరికి వచ్చేస్తారు" అంది. నేను నా నోటుపుస్తకం తీసి అవన్నీ రాశాను. అన్నీ రెండో గడిలోనే పట్టాయి. మొదటి గడిలో రాయడానికి ఏమీ లేదు.

బడి వదిలాక ఆ పేజీ టీచర్ గారికి చూపించాను. ఆవిడ నిలబడే చదివారు.

"మా నాన్న వస్తారా టీచర్?" అన్నాను.

"నాకు తెలీదు మణీ."

"ఉన్నారా?"

"అదీ తెలీదమ్మా." పుస్తకం మూసి నా చేతికిచ్చారు. "పొద్దుపోతోంది, ఇంటికెళ్ళు" అన్నారు.

నేను ఇంటికి వెళ్ళి అమ్మను అడిగాను, నాన్న గల్ఫ్ వెళ్ళడం ఎవరు చూశారని. మళ్ళీ అడిగాను. మూడోసారి అడిగినప్పుడు అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి దొడ్లోకి వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున్నే, పనిలోకి వెళ్ళాల్సిన మనిషి, బడికి వచ్చింది.

"ఏవండీ టీచర్ గారూ, మీ గళ్ళ పుస్తకాలు మీ దగ్గరే పెట్టుకోండి. పిల్ల రాత్రి అన్నం తినలేదు. చూశావా, చూశావా అని నన్ను నిలబెట్టి అడుగుతోంది. నేనేం చూశానండీ? ఆయన లుంగీ మడత పెట్టి సంచీలో పెట్టుకోడం చూశాను. అంతే చూశాను."

టీచర్ గారు కుర్చీలోంచి లేచారు. "తెలీదని చెప్పింది నేనే నూకరత్నం. ఆ మాటలో తప్పు లేదు. చెప్పి, పిల్లని ఒక్కదాన్నీ ఇంటికి పంపేశాను చూడు, అదే తప్పు" అన్నారు.

"అయితే వస్తారని చెప్పండి."

"అది చెప్పలేనమ్మా."

అమ్మ ఆవిడను ఒకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం నుంచి, అమ్మ కళ్ళం పని ముగించి గేటు దగ్గరికి వచ్చేదాకా, టీచర్ గారు బడి వరండా మెట్టు మీద నా పక్కన కూర్చునేవారు. ఏడాదిన్నర పాటు, నేను ఆరో తరగతికి హైస్కూలుకు మారాక కూడా, అలా కూర్చున్నారు. ఓదార్చేవారు కాదు. కథలు చెప్పేవారు కాదు. నోటుపుస్తకాలు దిద్దుకునేవారు, లేదా ఊరికే కూర్చునేవారు. గోడ అవతల వడ్లలో కాళ్ళ చప్పుడు వినబడుతుండేది. ఏ చప్పుడు అమ్మదో కనిపెట్టాలని చూసేదాన్ని. ఎప్పుడైనా, "ఈరోజు కూడా తెలీదా టీచర్?" అని అడిగేదాన్ని. "ఈరోజు కూడా తెలీదు" అనేవారు. కొన్నాళ్ళకు ఆ మాట వినడానికే అడిగేదాన్ని. వీధిలో ప్రతివాళ్ళూ మా నాన్న గురించి నాకు ఏదో ఒకటి ఇచ్చి వెళ్ళిపోయేవాళ్ళు. ఏమీ ఇవ్వలేనని చెప్పి కూర్చుండిపోయింది ఈవిడ ఒక్కరే. అమ్మ మొదట్లో గేటు బయటి నుంచే నన్ను పిలిచేది. తర్వాత లోపలికి వచ్చి నిలబడేది. ఒకరోజు, పాదాల నిండా వడ్ల పొట్టుతో, వచ్చి అదే మెట్టు మీద కూర్చుంది.

నాన్న రాలేదు. ఏమయ్యారో ఇప్పటికీ తెలియదు.

ఆ మూడు గడులు నాకు ఉద్యోగంలో పనికొచ్చాయి. మనుషుల మధ్య అంతగా పనికి రాలేదని ఒప్పుకోవాలి. ఒక రైతు రొయ్య పిల్ల తెచ్చి, "వైరస్సు లేదని రాసెయ్యండమ్మా, నా కళ్ళతో చూశాను, చలాకీగా తిరుగుతోంది" అన్నాడు. "తిరగడం చూశారండి. వైరస్సు లేదని అనుకుంటున్నారు" అన్నాను. ఆయన నా ముఖం చూసి, "మీకు పెళ్ళి ఎందుకు కాలేదో ఇప్పుడు తెలిసిందమ్మా" అన్నాడు. ల్యాబులో అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఫోనులో ఎవరో పంపిన వార్త చూసి నలుగురూ కోపం తెచ్చుకుంటున్నప్పుడు, ఇది ఎవరు చూశారు అని అడిగే మనిషిని రెండోసారి కబుర్లలోకి పిలవరు. నాలుగేళ్ళ కిందట అమ్మ పోయింది. అప్పటి నుంచి నన్ను మణీ అని పిలవడానికి టీచర్ గారొక్కరే మిగిలారు. పన్నెండు ఆదివారాల సంగతి ముందే చెప్పాను.

చర్చి ముందు షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల మీద ఆవిడ ఫోటో. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు సాక్ష్యం చెప్పదలచినవాళ్ళను ఒక్కొక్కరినీ రమ్మన్నారు. మొదట మా బడి పాత హెడ్మాస్టరు దేవదానం మాస్టారు లేచారు. ఎనభై దాటిన మనిషి, ఒకరి చెయ్యి పట్టుకుని వచ్చారు. "మా రాహేలమ్మ చివరి క్షణం వరకూ తన విద్యార్థుల పేర్లే తలుచుకుంది" అన్నారు మైకులో. "అందులోనూ నాగమణి పేరు. మణి వచ్చిందా, మణి వచ్చిందా అని అడుగుతూనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది." నాగమణిని నేనే. ఆవిడ పోయిన కబురు విన్న రోజున రాని ఏడుపు అప్పుడు వచ్చింది. నా ప్రశ్నకు జవాబు దొరికింది. అడిగారు కాబట్టి నేను రాకపోవడం ఆవిడను బాధపెట్టింది, అడుగుతూనే ఉన్నారు కాబట్టి నన్ను వదిలెయ్యలేదు. రెండూ కావాలనిపించాయి నాకు. ఎవరో నీళ్ళ గ్లాసు అందించారు.

తర్వాత నన్ను పిలిచారు. మాస్టారు చెప్పిందే నేను మళ్ళీ చెప్పి ఉంటే అందరూ కళ్ళు తుడుచుకునేవారు. నేను బకెట్టులో వడ్లు నానబెట్టిన సంగతి చెప్పి దిగిపోయాను. భోజనాల దగ్గర సత్తిబాబు వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇప్పుడు వాడికి సొంత ట్రాక్టరు ఉంది. "నీ పేరే అంట నాగమణీ. నేను వారం వారం కమలాలు పట్టుకెళ్ళేవాణ్ణి. నా పేరు ఒక్కసారైనా అని ఉండరంటావా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని, విస్తరి వైపు చూస్తూ అన్నాడు. చేతిలో ముద్ద విస్తట్లో వదిలేశాను. నేను ఏమీ అడక్కుండా బస్సెక్కి వెళ్ళిపోవచ్చు. అలా చేసి ఉంటే ఈ జీవితమంతా ఆ మాట నాతో ఉండేది. చెయ్యి కడుక్కుని మాస్టారి కుర్చీ దగ్గరికి వెళ్ళాను.

"మాస్టారూ, టీచర్ గారు నా పేరు అనడం మీరు విన్నారాండీ?"

"నేను వినలేదమ్మా, నేను నడవలేను కదా. ఎస్తేరు చెప్పింది" అన్నారు, ఎంతో ఆప్యాయంగా.

ఎస్తేరు చర్చి వెనక కుళాయి దగ్గర గిన్నెలు కడుగుతోంది. నా ప్రశ్న విని చేతులు చీరకు తుడుచుకుంది. "నేను చెప్పలేదండి" అంది. "మాస్టారే అడిగేరు, పిల్లల్ని తలుచుకునేవారా అని. మణి గురించి అడిగేవారా అని. ఏడుస్తా ఉన్నానండి అప్పుడు. తల ఊపేనేమో. అత్తకి చివరి రెండు నెలలూ మాటే లేదండి. ఒక్క పేరు కూడా అనలేదు. మీకు చెప్పకూడదేమో."

"చెప్పాలి ఎస్తేరు" అన్నాను.

ఆ అమ్మాయి కుళాయి కట్టేసింది. తర్వాత, "ఎడం చెయ్యి ఒక్కటీ ఆడేదండి" అంది. "దాంతో దుప్పటి మీద ఏదో గీస్తా ఉండేవారు. పైనుంచి కిందికి. ఏంటి కావాలత్తా అంటే చూసేవారు, మళ్ళీ గీసేవారు. నీళ్ళనుకుని నీళ్ళిచ్చేదాన్ని. తాగేవారు కాదు. అదేంటో నాకు ఇప్పటికీ తెలీదండి." ఆ వెంటనే, ఇంతసేపూ ఆపుకున్నట్టుగా, "కాకినాడ పెద్దాసుపత్రికి ముందే తీసుకెళ్తే బతికేవారాండీ? మీరు ల్యాబులో చేస్తారు కదా, మీకు తెలుస్తుంది కదా" అంది.

"నాకు తెలీదమ్మా" అన్నాను.

నాలుగున్నర బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. బ్యాగు భుజాన వేసుకున్నాను. ఎస్తేరు మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది గాని వాటిని ముట్టుకోలేదు. నేను బ్యాగు దించి కుళాయి చపటా మీద కూర్చున్నాను. కాసేపటికి ఆ అమ్మాయీ కూర్చుంది. బస్సు వెళ్ళిపోయిన చప్పుడు వినబడింది. పొద్దు వాలేదాకా అక్కడే ఉన్నాం. మిల్లు వాసన ఉందో లేదో నాకు తెలియలేదు, అలవాటైపోయింది.

తర్వాతి బస్సులో పక్క సీటు ఖాళీగా ఉంది. ల్యాబు డైరీ తీసి కొత్త పేజీలో పైనుంచి కిందికి రెండు గీతలు గీశాను. టీచర్ గారు ఎడం చేత్తో దుప్పటి మీద ఏదో గీసేవారని ఎస్తేరు చెప్పింది. అది రెండో గడిలో రాశాను. అవి ఈ రెండు గీతలేనని మూడో గడిలో రాశాను. దాన్ని ఎటూ జరపలేదు. మొదటి గడి ఖాళీగా ఉంది. అందులో ఏదైనా రాసుకోవడానికి నాకు పన్నెండు ఆదివారాలు ఉండేవి.